ఇతరములు గడిలోని పిట్ట

ఆ ఆఫీసులో నిఘా కెమెరాలు మొత్తం పదకొండు. పదకొండూ పనిచేయవు. గేటు దగ్గరిది మెడ విరిగి నాలుగేళ్ళుగా నేలచూపులు చూస్తోంది. మెట్ల దగ్గరిదాంట్లో సాలీడు కాపురం పెట్టింది. అయినా ఎవరు ఎన్నింటికి వచ్చారు, ఎవరు సంతకం గీకి పక్క గేటులోంచి జారుకున్నారు, ఎవరి సొరుగులో ఫైళ్ళున్నాయి, ఎవరి సొరుగులో దువ్వెనా పౌడరూ మాత్రమే ఉన్నాయి అన్నది తెలియాలంటే ఒక్క మనిషిని అడిగితే చాలు. ఆమె అక్కడ ఊడ్చే మనిషి. కాంట్రాక్టు మీద చేరి పదమూడేళ్ళయింది. చేరిన రోజు ఇచ్చిన కార్డు మీద ‘తాత్కాలికం’ అన్న ముద్ర ఇప్పటికీ చెక్కుచెదరలేదు. చెదిరిందల్లా ఆమె నడుమే. ఆఫీసంతా ఆమెను కెమెరా అక్క అంటుంది. పెద్దసారు మాత్రం ‘ఏయ్’ అంటాడు. అంత పెద్ద సంతకం పెట్టే మనిషికి పేర్లు గుర్తుపెట్టుకునే తీరిక ఎక్కడిది.

ఆమె చూపు అంత పదునెక్కడానికి కారణం ఆమె అత్త. ముసలామె ఒకప్పుడు మొక్కల నర్సరీలో పనిచేసేది. అయిదారేళ్ళ కిందట కళ్ళు రెండూ మసకబారాయి. కెమెరా అక్క భర్త లారీ మీద వారానికోసారి ఇల్లు చేరే మనిషి కాబట్టి ఆ రెండు గదుల ఇంట్లో సాయంత్రాలు అత్తాకోడళ్ళే. కోడలు గుమ్మంలో చెప్పులు విడవగానే విచారణ మొదలవుతుంది.

“ఇవాళ ఏం చూశావు?”

“కొత్త గుమాస్తా చేరాడు అత్తయ్యా. తెల్లగా, పొడుగ్గా ఉన్నాడు.”

“తెలుపూ పొడుగూ నేనేం చేసుకోను, నాకు కనబడి చస్తాయా? కుర్చీలో ఎలా కూచున్నాడు? ఫోను మాట్లాడేటప్పుడు లేచి నిలబడ్డాడా, కూచునే మాట్లాడాడా? అది చెప్పు, మనిషెవడో నేను చెప్తా.”

ఇలా రోజూ అడిగీ అడిగీ కోడలి చేత లోకాన్ని రెండోసారి చూపించుకునేది. మొహం ఎవరికైనా ఉంటుంది, చేసే పనిని బట్టే ఎవరేమిటో తెలుస్తుంది అన్నది ఆవిడ సిద్ధాంతం.

ఆ ఆఫీసు ముందు ఓ పచ్చిక బయలు ఉంది. దాని నడిమధ్య ‘పచ్చికపై నడవరాదు’ అన్న బోర్డు. పనుల మీద వచ్చిన జనం ఎండలో గోడవార నిలబడతారు తప్ప అందులో కాలు పెట్టరు. ఒక సోమవారం పొద్దున కెమెరా అక్క చూసేసరికి ఆ బోర్డు కిందే ఒక పిట్ట హాయిగా నడుస్తోంది. ఇటుక పొడి చల్లినట్టున్న ఒళ్ళు, రెక్కల మీద నలుపూ తెలుపూ చారలు, సన్నగా పొడుగ్గా కిందికి వంగిన ముక్కు, తల మీద వెనక్కి వాలిన కుచ్చు. ఈ పదమూడేళ్ళలో ఆ ఆవరణలో ఆమె చూసినవి కాకులూ పావురాలూ పిచ్చుకలే. ఇదెవరో కొత్త మనిషి అనుకుంది. ఇంకాస్త చూసేదే, లోపల్నుంచి ‘ఏయ్’ అని కేక వినబడింది.

పెద్దసారు గదిలో వాసన వస్తోంది.

వాసన అంటే అలాంటిలాంటిది కాదు. కుళ్ళిన మాంసం పక్కన తడి గోనెసంచి ముగ్గబెట్టినట్టు. పెద్దసారు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, ఇంతకాలం ప్రజాసేవలో తనకెదురైన అతిపెద్ద కష్టం ఇదేనన్నట్టు కూచున్నాడు. ఆమె గదంతా కడిగింది. వాసన పోలేదు. కిటికీలోంచి బయటికి వంగి చూస్తే, సారు కుర్చీ వెనక గోడకు బయటి వైపున్న కంతలోంచి ఇందాకటి పిట్ట తల కనబడింది. మరో నిమిషానికి అలాంటిదే ఇంకోటి పురుగును కరుచుకొచ్చి కంతలో దూరింది. లోపల్నుంచి సన్నగా చీర్ చీర్ మన్న చప్పుడు.

“పిట్ట పిల్లల్ని పెట్టింది సార్.”

“ఎవర్నడిగి పెట్టింది?” అన్నాడు పెద్దసారు. హాస్యానికి కాదు, నిజంగానే అడిగాడు.

ఇక్కడ ఇంకో వాసన సంగతి చెప్పాలి. ఆ భవనంలో ఆడవాళ్ళ మరుగుదొడ్డి పైపు పగిలి ఆరేళ్ళయింది. దానికి తాళం వేసి లోపల విరిగిన కుర్చీలు పేర్చారు. పనిచేసే ఆడవాళ్ళు పద్నాలుగు మంది. బస్టాండు దాకా పది నిమిషాలు నడిచి వెళ్ళిరావాలి; వెళ్ళినట్టు తెలిస్తే సగం పూట సెలవు కింద రాస్తారు. అందుకని వాళ్ళంతా పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నీళ్ళు తాగడం మానేశారు. ఆరేళ్ళలో తొమ్మిది అర్జీలు పెట్టారు. తొమ్మిదీ ‘పరిశీలనలో’ ఉన్నాయి. అలాంటి ఆఫీసులో పెద్దసారు ముక్కుకు వాసన తగిలిన గంటలో ఫైలు తయారైంది. మన పాలనా యంత్రాంగం నెమ్మదిగా నడుస్తుందని ఆడిపోసుకునేవాళ్ళు ఆ రోజు చూసి ఉండాల్సింది.

దానికో ఫారం ఉంది: ‘పక్షుల బెడద నివారణ’. అందులో మూడు గడులు. కాకి. పావురం. ఇతరములు. మూడో గడి పక్కన చిన్న అక్షరాల్లో ‘పేరు తప్పనిసరి’ అని ఉంటుంది. హెడ్ గుమాస్తా మంచివాడే. పని తెలిసినవాడు, అంటే ఏ పని చేయకూడదో తెలిసినవాడు. పావురం గడిలో టిక్కు పెట్టాడు. శుక్రవారం కాంట్రాక్టరు వచ్చి కంతలో మందు కొట్టి సిమెంటుతో మూసేయాలని రాశాడు. సిమెంటు కలిపి అందించే పని ఊడ్చే మనిషిదని చివర్లో ఒక వాక్యం కలిపాడు, విడిగా కూలీని పిలవడం దేనికని.

ఆ సాయంత్రం ఆమె అన్నం కంచం పక్కకు జరిపేసింది.

“నా చేతుల్తో సిమెంటు అందించాలట అత్తయ్యా. లోపల పిల్లలుండగా.”

“ఏం పిట్ట?”

ఆమె రంగులు చెప్పబోయింది. ముసలామె చెయ్యి ఊపేసింది. “ఒంటి రంగు ఎందుకు. ఎలా నడుస్తుంది? ఎలా ఎగురుతుంది? ఏం తింటుంది, ఎలా తింటుంది?”

“అవి చూడలేదు అత్తయ్యా,” అంది కోడలు. కెమెరా అన్న పేరు పెట్టుకుని ఇంత మాత్రం చూడలేదా అని అత్త ఆ రాత్రంతా సణిగింది.

మంగళవారం పొద్దున ఆమె హెడ్ గుమాస్తా బల్ల ముందు నిలబడింది.

“అది పావురం కాదండీ.”

“ఏమ్మా కెమెరా, పక్షిశాస్త్రం ఎప్పుడు చదివావు?”

“పావురాన్ని గుర్తుపట్టడానికి శాస్త్రమెందుకండీ? పావురం తల మీద కుచ్చుంటుందా?”

హెడ్ గుమాస్తా ఇరకాటంలో పడ్డాడు. కుచ్చు సంగతి ఆయనా చూశాడు. తప్పుడు టిక్కు రేపు తనిఖీలో బయటపడితే పెన్షను దగ్గర గొడవ. “కాకపోతే ఏమిటో చెప్పు. పేరు రాయకపోతే ఇతరములు గడి చెల్లదు.”

“పేరు నాకు తెలీదు.”

“తెలీనప్పుడు ఎందుకొచ్చిన పేచీ?” అని విసుక్కుంటూ ఆయన లేచి పెద్దసారు గదిలోకి వెళ్ళాడు. అక్కడ సారు కుర్చీ వెనక గోడకు ఓ క్యాలెండరు వేలాడుతోంది. మూడేళ్ళ కిందటిది. దాని మీద మానుకు అతుక్కుని ఉన్న వడ్రంగిపిట్ట బొమ్మ. హెడ్ గుమాస్తా బొమ్మ చూశాడు, కిటికీలోంచి పచ్చిక మీదికి చూశాడు. దానికీ కుచ్చు, దీనికీ కుచ్చు. దానికీ పొడుగు ముక్కు, దీనికీ పొడుగు ముక్కు. తిరిగొచ్చి ఇతరములు గడిలో ‘వడ్రంగిపిట్ట’ అని గుండ్రంగా రాశాడు.

“తీరిందా నీ బాధ?”

తీరలేదు సరికదా రెట్టింపయింది. పావురమైతే మామూలు బెడద. వడ్రంగిపిట్ట అయితే ప్రభుత్వ ఆస్తికి నష్టం. తలుపులూ కిటికీలూ బీరువాలూ తొలిచేస్తుంది. ఫైలు మీద ‘అత్యవసరం’ అన్న ఎర్ర చీటీ పడింది. ‘సదరు పక్షి కార్యాలయపు గోడను తొలిచి రంధ్రము చేసినది’ అని కొత్త వాక్యం చేరింది. శుక్రవారం కాస్తా గురువారం పొద్దుటికి జరిగింది. నిజం చెప్పబోయి ఆ పిల్లల ఆయుష్షులో ఒకరోజు కోసేశానని కెమెరా అక్క చీపురు పట్టుకుని మెట్ల మీద కూలబడింది.

కాసేపే. తర్వాత లేచి, పచ్చికలో ఆకులు ఏరే పని పెట్టుకుంది. ఆ పచ్చికలో రాలడానికి ఆకులే లేవన్న సంగతి ఎవరూ గమనించలేదు, గమనించే మనిషి ఆమే కాబట్టి. మంగళవారం మధ్యాహ్నం, బుధవారం పొద్దున, చూసినవన్నీ పాత సర్క్యులరు వెనక పెన్సిలుతో రాసుకుంది. ఏడో తరగతి దాకా నేర్చిన అక్షరాలు అలా అక్కరకొచ్చాయి.

బుధవారం సాయంత్రం ఫైల్లో పడిన పేరు సంగతి చెప్పి, ఆ కాగితం అత్తకు చదివి వినిపించింది.

“నేల మీద నడుస్తుంది. గెంతదు, గబగబా అడుగులేస్తుంది. నడుస్తూ తల ఊపుతుంది. ముక్కు మొత్తం మట్టిలోకి దించి వెతుకుతుంది, మన దబ్బనం గోనెసంచిలో దించినట్టు.”

“ఊఁ.”

“పురుగు దొరికితే పైకి ఎగరేసి నోట్లో పడేసుకుంటుంది.”

“ఊఁ. చెట్టెక్కిందా?”

“కొమ్మ మీద కూచుంది. మాను పట్టుకుని నిలువునా పాకడం రెండు రోజుల్లో ఒక్కసారీ చూడలేదు. కొయ్యను ముట్టుకోనే లేదు. వాలినప్పుడు తల మీది కుచ్చు విసనకర్రలా విప్పుతుంది, వెంటనే ముడుస్తుంది. ఎగిరితే సీతాకోకచిలుక ఎగిరినట్టు తూలుతూ వెళ్తుంది.”

ముసలామె లేచి కూచుంది. “అరుపు?”

“సీసా మూతి దగ్గర ఊదినట్టు. హూప్, హూప్, హూప్. మూడుసార్లు, ఆగుతుంది, మళ్ళీ మూడుసార్లు.”

“ఆ మాట ముందే చెప్పొచ్చుగా మొద్దూ. కూకుడు గువ్వ. నర్సరీలో నీళ్ళు పెట్టిన మడుల్లో మా వెనకే తిరిగేవి. వడ్రంగిపిట్టా? ఏ వెధవన్నాడు? అది తన బతుకులో గోడకు కంత పెట్టలేదు. ఎవరో చేసిన కంత దొరికితే దూరుతుంది, అంతే.” ఆగి, పళ్ళులేని నోటితో నవ్వింది. “ఇంకో గుర్తుంది. దాని గూడు కంపు కొడుతుంది. ఆ కంపుకి భయపడి పిల్లీ పామూ దగ్గరికి రావు. అయినా ఎవరైనా మొహం పెడితే పిల్లలు బుస్సుమంటాయి. అప్పటికీ వెళ్ళకపోతే వెనక్కి తిరిగి మొహం మీద రెట్ట చిమ్ముతాయి. గురి తప్పదు. మా మేస్త్రీ మీసం మూడు రోజులు వాసనొచ్చింది.”

కోడల్ని ఆ మాటల్లో ఒకటి పట్టుకుంది: ఎవరో చేసిన కంత. ఆ కంత ఎవరు చేశారో ఆమెకు తెలుసు. మూడేళ్ళ కిందట ఆ గదిలో పాత కూలరు తీసేసినప్పుడు గోడలో పైపు కంత మిగిలిపోయింది. పూడ్చే పని ఇదే కాంట్రాక్టరుకిచ్చారు. ఆ ఆఫీసులో బల్బు మార్చినా బావి తవ్వినా ఆయనే కాంట్రాక్టరు. ఆయన పూడ్చలేదు. ‘పూడ్చబడినది, స్వయముగా పరిశీలించితిని’ అని పెద్దసారు సంతకం పెట్టాడు. తర్వాత లోపలి వైపు కంత కనబడకుండా ఆ క్యాలెండరు తగిలించారు. తగిలించిన చేతులు ఈమెవే. మేకు ఎక్కడ కొట్టాలో ‘ఏయ్’ అని పిలిచి చూపించింది పెద్దసారు.

గురువారం పొద్దున కాంట్రాక్టరు వచ్చాడు. మడత నలగని తెల్ల చొక్కా, చంకలో మందు డబ్బా. బయట నిచ్చెన వేశారు. బకెట్లో సిమెంటు పొడి పోసి పెద్దసారు గది గుమ్మంలో ఆమె ముందు పెట్టారు.

“కలుపమ్మా, చూస్తావేం?” అన్నాడు కాంట్రాక్టరు.

“కలుపుతా సార్. ముందు ఫైల్లో పిట్ట పేరు సరిచేయాలి. అది వడ్రంగిపిట్ట కాదు.”

“మళ్ళీ మొదలెట్టావా?” హెడ్ గుమాస్తా తల పట్టుకున్నాడు.

పెద్దసారు రుమాలు తీసి, “ఏదో ఒక పిట్ట. చచ్చేదానికి పేరెందుకు?” అన్నాడు.

“తప్పుడు పేరుతో చంపితే రేపు తనిఖీలో మిమ్మల్నే అడుగుతారు సార్,” అంది ఆమె వినయంగా. పదమూడేళ్ళలో ఆ ఆఫీసులో ఆమె నేర్చిన ఏకైక మంత్రం ‘తనిఖీ’. అది బాగానే పనిచేసింది. ముగ్గురూ కిటికీ దగ్గరికొచ్చారు. పచ్చిక మీద పిట్ట ముక్కు దించి వెతుక్కుంటోంది.

“చూడండి సార్, నేల మీద నడుస్తోంది. మట్టి తవ్వుకు తింటోంది. కొయ్య జోలికి పోదు. దాన్ని కూకుడు గువ్వంటారు.”

“బొమ్మలో ఉన్నట్టే ఉందిగా?” అన్నాడు హెడ్ గుమాస్తా.

“ఎక్కడుందండీ? బొమ్మలోది తోక ఊతం పెట్టుకుని మానుకి నిలువునా అతుక్కుని ఉంది. ముక్కు ఉలిలా సూటిగా ఉంది. దీని ముక్కు కొడవలిలా వంగి ఉంది. అనుమానముంటే క్యాలెండరు తీసుకొచ్చి పక్కపక్కన పెట్టి చూడండి.”

పెద్దసారు ఏదో గుర్తొచ్చినట్టు చెయ్యెత్తాడు గాని ఆలస్యమైంది. ఎదుటివాడి గోడ మీది వస్తువు తీయడానికి మొహమాటపడని మనిషి కాంట్రాక్టరు. మూడేళ్ళ కిందట తను చేయని పని ఎక్కడ చేయలేదో ఆయనకు గుర్తుండే అవకాశం లేదు. చేయనివి చాలా ఉన్నాయి. క్యాలెండరు సర్రున లాగాడు.

వెనక కంత. చక్కగా, గుండ్రంగా, పైపు కొలతకు. లోపల చీకట్లో కదలిక.

“ఇదేమిటి?” అని కాంట్రాక్టరు మొహం దగ్గర పెట్టాడు.

బుస్సుమని చప్పుడు వచ్చింది. పాము అనుకున్నాడు గాని నమ్మకం కుదరక ఇంకో అంగుళం ముందుకు వంగాడు. కూకుడు గువ్వ పిల్లలు తమ జాతి ఏదో స్వయంగా ధ్రువీకరించాయి. అర్ధ నిమిషం తర్వాత ఆయన తెల్ల చొక్కా తెల్లగా లేదు, కళ్ళద్దాల వెనక కళ్ళు లేవు, పక్కనే హెడ్ గుమాస్తా పట్టుకున్న ఫైలు మీది ఎర్ర చీటీ కూడా ఎర్రగా లేదు.

“అదేనండి గుర్తు,” అంది కెమెరా అక్క. “మా అత్తయ్య చెప్పింది. ఇంక అనుమానం లేదు. ఇది కంత తొలిచే పిట్ట కాదు సార్, ఉన్న కంతలో దూరే పిట్ట. ఫైల్లో ‘రంధ్రము చేసినది’ అన్న మాట కొట్టేసి, కంత ముందు నుంచీ ఉందని రాయాలి.”

హెడ్ గుమాస్తా మెదడు ఇలాంటి చోట్ల మాత్రం మెరుపులా పనిచేస్తుంది. ఆయన మెల్లగా అన్నాడు: “సార్, పిట్ట కంత చేయలేదని రాస్తే కంత ఎవరు చేశారని వస్తుంది. కూలరు పైపుదని రాస్తే అది మూడేళ్ళ కిందటే పూడ్చినట్టు తమరు స్వయముగా పరిశీలించిన సర్టిఫికెట్టు ఉంది. ఇప్పుడు మళ్ళీ పూడ్చాలని ఉత్తర్వు ఇస్తే...”

“పూడ్చిన కంతను ఎలా పూడుస్తారు?” అని పెద్దసారే వాక్యం పూర్తిచేశాడు.

“కాబట్టి కంత లేదు సార్.”

“కంత లేకపోతే?”

“పిట్ట ఉండటానికి వీల్లేదు.”

పది నిమిషాల్లో ఫైలు ముగిసింది. ‘ఆద్యంతము పరిశీలించగా కార్యాలయ ఆవరణలో పక్షి ఏదియు కనబడలేదు. తదుపరి చర్య అవసరం లేదు.’ పెద్దసారు సంతకం పెట్టే సమయానికి ఆ కనబడని పక్షి కిటికీ అంచు మీద పురుగును కరుచుకుని, దారి ఇవ్వమన్నట్టు కుచ్చు విప్పి నిలబడి ఉంది. ఫైలు మీద అది రాలుస్తున్న మట్టిని హెడ్ గుమాస్తా మర్యాదగా ఊదేశాడు. కాంట్రాక్టరు మొహం కడుక్కోవడానికి పరిగెత్తాడు. కెమెరా అక్క బకెట్లోని సిమెంటు పొడిని జాగ్రత్తగా సంచిలోకి తిరిగి పోసింది.

పక్షి లేకపోయినా వాసన ఉంది. అందుకని పెద్దసారు ‘పరిపాలనా కారణాల దృష్ట్యా’ కింది అంతస్తులోని సమావేశ మందిరానికి మారాడు. పాత గది శుభ్రం చేయడానికి తాళంచెవి ఆమెకిచ్చారు. ఆ గదికి ఆనుకుని సారు సొంత మరుగుదొడ్డి ఉంది. తెల్ల పలకలు, ఇరవైనాలుగు గంటల నీళ్ళు, గోడకు అద్దం. కంపు ఉన్న గదిలోకి మగవాళ్ళెవరూ తొంగి చూడరు. ఆరేళ్ళు బస్టాండు దాకా నడిచిన ముక్కులకు ఆ కంపు ఒక లెక్కా? పద్నాలుగు మంది ఆడవాళ్ళూ వంతులేసుకుని వెళ్ళి రాసాగారు. తొమ్మిది అర్జీలు తేలేకపోయినదాన్ని ఒక పిట్ట తన ఒంటి వాసనతో తెచ్చిపెట్టింది. ఈ దేశంలో అర్జీ ఎలా పెట్టాలో మనకు ఇన్నాళ్ళూ తెలియలేదన్నమాట.

మూడో వారంలో పిల్లలు ఎగిరిపోయాయి. అయిదు. ఒక్కొక్కటీ కంత అంచుకొచ్చి, కుచ్చు విప్పి ఆలోచించి, తూలుకుంటూ పచ్చిక మీదికి దిగడం ఆమె కళ్ళారా చూసింది. ఇంకో పది రోజులకు వాసనా పోయింది.

పెద్దసారు సమావేశ మందిరంలో కిటికీలు లేక ఉడికిపోతున్నాడు. ఓ రోజు హెడ్ గుమాస్తాను పిలిచి, “ఆ పిట్ట పోయిందేమో కనుక్కోండి,” అన్నాడు.

హెడ్ గుమాస్తా ఆమెను అడిగాడు.

“ఏ పిట్టండీ?” అంది ఆమె.

ఆయన ఆమె కళ్ళలోకి చూశాడు, ఫైలు గుర్తు చేసుకున్నాడు, వెనక్కి వెళ్ళాడు. “లేని పిట్ట పోయిందని రాయలేం సార్. తమరు గది మారింది పరిపాలనా కారణాల దృష్ట్యా. ఆ కారణం తీరిపోయిందని ముందు ఎవరైనా ధ్రువీకరించాలి. ఆ కారణం ఏమిటో ఫైల్లో లేదు.”

పెద్దసారు ఇంకా సమావేశ మందిరంలోనే ఉన్నాడు. తాళంచెవి ఇంకా ఆమె కొంగుకే ఉంది.

ఆ సాయంత్రం చెప్పులు విడవగానే అత్త అడిగింది. “పిట్టలు పోయాక ఇంక చెప్పడానికేం లేదా?”

“ఉంది అత్తయ్యా. మా ఆడవాళ్ళు.”

“వాళ్ళకేం? ఎలా ఉన్నారు?”

“ఎలా ఉన్నారో మీకెందుకు, ఏం చేస్తున్నారో అడగండి.”

“సరే, ఏం చేస్తున్నారు?”

“పొద్దున్నే సీసాలు నింపి తెచ్చుకుంటున్నారు. ఎవరి బల్ల మీద వాళ్ళు పెట్టుకుని, మధ్యాహ్నానికల్లా మొత్తం తాగేస్తున్నారు.”